ఫుట్‌బాల్ డిఫెండర్ వృత్తి (ఆఫ్రికా దక్షిణ ప్రాంతం)

గోల్‌కీపర్‌కు ముందు వరుసలో నిలబడి ప్రత్యర్థి దాడిని అడ్డుకునే ఆటగాడు డిఫెండర్. ఆ స్థానంలో జీతానికి ఆడే వృత్తి ఆటగాడి జీవితం ఆఫ్రికా దక్షిణ ప్రాంతంలో ఎలా మొదలై, ఏ మలుపులు తిరిగి, ఎక్కడ ముగుస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. దక్షిణాఫ్రికా దేశం ఈ ప్రాంతంలో ఒక భాగం మాత్రమే. ఇక్కడి జాతీయ సమాఖ్యలన్నీ కలిసి 1997లో ఏర్పరచుకున్న మండలి కోసాఫాలో ఇప్పుడు 14 దేశాలున్నాయి. వాటిలో మారిషస్, సీషెల్స్, కొమొరోస్, మడగాస్కర్ ద్వీపాల ఫుట్‌బాల్ చరిత్ర వేరు కాబట్టి వాటిని ఇక్కడ చర్చించడం లేదు. మిగిలినవి దక్షిణాఫ్రికా, జింబాబ్వే, జాంబియా, మొజాంబిక్, అంగోలా, నమీబియా, బోట్స్వానా, మలావి, లెసోతో, ఎస్వాటిని.

చరిత్ర: వలస పాలన కాలం

ఈ ప్రాంతంలో పుట్టి యూరప్‌లో పేరు తెచ్చుకున్న తొలి తరం డిఫెండర్లు తమ జన్మభూమి జెండా కింద ఆడలేదు. మొజాంబిక్ అప్పట్లో పోర్చుగల్ వలస. ఇప్పుడు మపూటో అని పిలుస్తున్న లోరెన్సు మార్కిష్‌లో పుట్టిన హిలారియో 1958లో లిస్బన్‌లోని స్పోర్టింగ్ క్లబ్‌లో చేరి, 1973 వరకు అక్కడే లెఫ్ట్ బ్యాక్‌గా ఆడాడు. అదే ఊరి నుంచి వచ్చిన విసెంటె లూకస్ బెలెనెన్సెస్ క్లబ్ డిఫెండర్. 1966 ప్రపంచకప్‌లో పోర్చుగల్ మూడో స్థానం సాధించినప్పుడు ఇద్దరూ జట్టులో ఉన్నారు. బ్రెజిల్‌తో మ్యాచ్‌లో పెలేను వెన్నంటి ఉండే పని విసెంటెకే అప్పగించారు. ఆ టోర్నీ అనగానే గుర్తొచ్చేది మొజాంబిక్‌లోనే పుట్టిన యుసేబియో చేసిన గోల్స్. వెనక వరుసలో నిలబడినవారిని చరిత్ర పుస్తకాలు తక్కువగా తలుచుకుంటాయి.

దక్షిణాఫ్రికా నుంచి ఇంగ్లండ్ క్లబ్బులకు వెళ్ళిన దారి చాలాకాలం ప్రధానంగా తెల్లవారిదే. ప్రిటోరియాలో పుట్టిన జాన్ హ్యూయీ చార్ల్‌టన్ అథ్లెటిక్‌లో సుదీర్ఘకాలం డిఫెండర్‌గా ఆడాడు. తండ్రి స్కాట్లండ్ మనిషి కావడంతో 1958 ప్రపంచకప్‌లో స్కాట్లండ్ జట్టు తరఫున బరిలో దిగాడు.

చరిత్ర: వర్ణవివక్ష, బహిష్కరణ

వర్ణవివక్ష విధానం కారణంగా ఫిఫా 1961లో దక్షిణాఫ్రికాను సస్పెండ్ చేసింది. మధ్యలో కొంతకాలం సడలించినా, సొవెటోలో నల్లజాతి విద్యార్థుల తిరుగుబాటు జరిగిన 1976లో పూర్తిగా బహిష్కరించింది. దేశం లోపల లీగులు కూడా వర్ణాల వారీగా విడిపోయి ఉండేవి. ఓర్లాండో పైరెట్స్ (1937), మొరోకా స్వాలోస్ (1947), కైజర్ చీఫ్స్ (1970) వంటి నల్లవారి క్లబ్బులకు వేలమంది అభిమానులుండేవారు. ఆటగాళ్ళకు మాత్రం అంతర్జాతీయ మ్యాచ్ అనేదే లేదు. ఒక తరం డిఫెండర్లు ఒక్క క్యాప్ (అంతర్జాతీయ మ్యాచ్) కూడా లేకుండానే ఆట ముగించారు. వారి సామర్థ్యాన్ని ఇవాళ అంచనా వేయడానికి ఆధారాలు కూడా తక్కువే.

డర్బన్ పరిసరాల్లోని భారత సంతతివారి క్లబ్బులది ఇదే కాలానికి చెందిన మరో పాయ. 1860 నుంచి ఒప్పంద కూలీలుగా డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతానికి వెళ్ళినవారిలో తెలుగువారూ ఉన్నారు. ఆ సమాజంలో 1928లో పుట్టిన మానింగ్ రేంజర్స్ క్లబ్, ఛాట్స్‌వర్త్ కేంద్రంగా ఆడుతూ, 1996-97లో జరిగిన తొలి ప్రీమియర్ సాకర్ లీగ్ (పీఎస్‌ఎల్) టైటిల్‌ను గెలుచుకుంది.

చరిత్ర: 1992 తర్వాత

1992 జులై 7న డర్బన్‌లో కామెరూన్‌తో ఆడిన మ్యాచ్‌తో దక్షిణాఫ్రికా తిరిగి అంతర్జాతీయ మైదానంలో అడుగుపెట్టింది. ఆ మ్యాచ్ 1-0తో నెగ్గింది. వెంటనే చేదు పాఠాలూ నేర్చుకుంది. హరారేలో జింబాబ్వే 4-1తో, లాగోస్‌లో నైజీరియా 4-0తో ఓడించాయి. దేశవాళీ పోటీలో మెరిసిన వెనక వరుస అంతర్జాతీయ వేగానికి తట్టుకోలేకపోవడం ఆ రెండు మ్యాచ్‌ల్లో స్పష్టంగా కనిపించింది.

నాలుగేళ్ళలో పరిస్థితి తారుమారైంది. 1996లో సొంతగడ్డపై జరిగిన ఆఫ్రికా నేషన్స్ కప్‌ను క్లైవ్ బార్కర్ శిక్షణలో దక్షిణాఫ్రికా గెలిచింది. ఆరు మ్యాచ్‌ల్లో ఆ జట్టు సమర్పించుకున్నవి రెండే గోల్స్. కెప్టెన్ నీల్ టోవీ, మార్క్ ఫిష్, లూకస్ రడెబె వెనక వరుసకు మూలస్తంభాలు. మోకాలి గాయం నుంచి అప్పుడే కోలుకున్న రడెబె సెమీఫైనల్లో ఘనా ఫార్వర్డ్ టోనీ యెబోవాను ఎదుర్కొన్నాడు. ఇద్దరూ లీడ్స్ యునైటెడ్ సహచరులే. దక్షిణాఫ్రికా 3-0తో గెలిచింది. ఫిబ్రవరి 3న ట్యునీసియాపై 2-0తో ఫైనల్ కూడా నెగ్గింది.

స్థానాలు, రకాలు

సెంటర్ బ్యాక్ (మధ్యలో నిలబడేవాడు), ఫుల్ బ్యాక్ (కుడి, ఎడమ అంచుల్లో కాపు కాసేవాడు), వింగ్ బ్యాక్ (అంచు వెంట దాడికీ వెళ్ళేవాడు) అనే విభజన ప్రపంచమంతటా ఉన్నదే. ఈ ప్రాంతానికి ప్రత్యేకమని చెప్పదగ్గది, ఆటగాళ్ళు మరో స్థానం నుంచి డిఫెన్స్‌లోకి మారడం. రడెబె కుర్రతనంలో గోల్‌కీపర్. మమెలోడి సన్‌డౌన్స్ సెంటర్ బ్యాక్ మొతోబి మ్వాలా మిడ్‌ఫీల్డర్‌గా వచ్చినవాడు. అదే క్లబ్ లెఫ్ట్ బ్యాక్ ఆబ్రీ మొడిబా మొదట వింగర్. ఎదురు ప్రయాణమూ ఉంది. ఓర్లాండో పైరెట్స్‌లో వెనక వరుసలో కూడా ఆడిన జింబాబ్వే ఆటగాడు మార్షల్ మునెట్సి ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో మిడ్‌ఫీల్డర్‌గా స్థిరపడ్డాడు.

దీనికి ఒక కారణం ఆట సంస్కృతి. టౌన్‌షిప్ (నల్లవారి నివాస ప్రాంతం) వీధుల్లో "డిస్కీ" అని పిలుచుకునే ఆటలో గౌరవం బంతితో విన్యాసం చేసేవాడిది. ఎదుటివాడి కాళ్ళ మధ్య నుంచి బంతి తీసుకెళ్ళడాన్ని "షిబోబో" అంటారు. దానికి స్టేడియం గోల్ పడినంతగా ఊగిపోతుంది. షిబోబోకు బలయ్యేది సహజంగా డిఫెండరే. అందుకే చిన్నతనంలో ఆ స్థానాన్ని కోరుకుని ఎంచుకునేవారు అరుదు. ఎత్తు పెరిగాకో, వేగం తగ్గాకో, కోచ్ చెప్పాకో వెనక్కి వస్తారు. అయితే ఇలా వచ్చినవారికి బంతిపై అదుపు బాగుంటుంది. వెనక నుంచే పాస్‌లతో ఆట నిర్మించే సన్‌డౌన్స్ పద్ధతికి అది సరిగ్గా సరిపోయింది.

అభిమానులకు దగ్గరైన డిఫెండర్లు లేకపోలేదు. ఆరన్ మొకోయెనాను "ఎంబాజో" అని పిలిచేవారు. జులూలో గొడ్డలి అని అర్థం. ఆరున్నర అడుగుల మాథ్యూ బూత్ బంతిని తాకినప్పుడల్లా స్టేడియం అతని పేరును సాగదీసి "బూ...త్" అని అరిచేది. 2009 కాన్ఫెడరేషన్స్ కప్‌లో అది విన్న కొందరు విదేశీ వీక్షకులు, జట్టులోని ఒకే ఒక తెల్ల ఆటగాడిని గేలి చేస్తున్నారనుకుని పొరబడ్డారు.

ఆట పరిస్థితులు

జొహనెస్‌బర్గ్ సముద్రమట్టానికి సుమారు 1,750 మీటర్ల ఎత్తున ఉంది. పల్చని గాలిలో పొడవాటి బంతి ఎక్కువ దూరం, ఎక్కువ వేగంతో వెళుతుంది. అందువల్ల బంతి ఎక్కడ పడుతుందన్న అంచనా డర్బన్ వంటి సముద్రతీర నగరాల నుంచి వచ్చే సెంటర్ బ్యాక్‌లకు మొదట్లో తప్పుతుంటుంది. దక్షిణాఫ్రికా సీజన్ ఆగస్టు నుంచి మే వరకు సాగుతుంది. మధ్యలో వచ్చే వేసవిలో ఎత్తైన పీఠభూమిపై సాయంకాలాలు ఉరుములతో వాన కురిసి, మైదానం జారుడుగా మారుతుంది. జింబాబ్వే లీగ్ మాత్రం క్యాలెండర్ సంవత్సరం ప్రకారం నడుస్తుంది. అక్కడి నుంచి దక్షిణాఫ్రికాకు మారే ఆటగాడు విరామం లేకుండా రెండు సీజన్లు వరసగా ఆడాల్సి రావడం మామూలే.

వృత్తిలోకి దారి

స్కూలు జట్లు, టౌన్‌షిప్ క్లబ్బులు, వారాంతపు టోర్నమెంట్లు ఇప్పటికీ ప్రధాన వనరు. దక్షిణాఫ్రికాలో 1994లో మొదలైన ట్రాన్స్‌నెట్ స్కూల్ ఆఫ్ ఎక్సలెన్స్, 1999లో ఏర్పడి ఆమ్‌స్టర్‌డామ్ క్లబ్‌తో అనుబంధంగా పనిచేసిన అజాక్స్ కేప్‌టౌన్ పద్ధతిగా శిక్షణ ఇచ్చాయి. 2014 నుంచి పీఎస్‌ఎల్ క్లబ్బుల రిజర్వ్ జట్లకు డిస్కీ ఛాలెంజ్ పేరుతో పోటీ ఉంది. ఇది డిఫెండర్లకు ఎక్కువ ఉపయోగపడింది. పంతొమ్మిదేళ్ళ ఫార్వర్డ్‌ను చివరి పది నిమిషాలు దింపి చూడవచ్చు. సెంటర్ బ్యాక్‌తో అలాంటి ప్రయోగం చేయడానికి కోచ్‌లు సాహసించరు. కాబట్టి డిఫెండర్‌కు అవకాశం ఆలస్యంగా వస్తుంది. వచ్చాక ఎక్కువ కాలం నిలుస్తుంది.

మినహాయింపులుంటాయి. అజాక్స్ కేప్‌టౌన్ సెంటర్ బ్యాక్ రివాల్డో కూట్జీ 2014లో పదిహేడేళ్ళకే జాతీయ జట్టుకు ఆడి, అంతకుముందు మొకోయెనా పేరిట ఉన్న అతి పిన్న వయస్కుడి రికార్డును అధిగమించాడు.

క్లబ్బులు, యాజమాన్యం

డిఫెండర్ జీతం ఎంత నమ్మకంగా వస్తుందన్నది క్లబ్ వెనక ఎవరున్నారన్న దానిపై ఆధారపడుతుంది. జాంబియాలో రాగి గనుల కంపెనీలు న్కానా, ముఫులిరా వాండరర్స్, పవర్ డైనమోస్ వంటి కాపర్‌బెల్ట్ క్లబ్బులను పోషించాయి. 1990ల చివర గనులు ప్రైవేటుపరం కావడంతో ఆ పోషణ సన్నగిల్లింది. గ్రీన్ బఫెలోస్ సైన్యానిది, న్క్వాజి పోలీసులది, జెస్కో యునైటెడ్ విద్యుత్ సంస్థది. అంగోలాలో పెట్రో డి లువాండాకు చమురు సంస్థ, ప్రిమెయిరో డి అగోస్టోకు సైన్యం అండ. మొజాంబిక్‌లో ఫెరోవియారియో పేరున్న క్లబ్బులు రైల్వేల నుంచి పుట్టాయి. బోట్స్వానాలో జ్వానెంగ్ గెలాక్సీ వజ్రాల గని ఊరిది. సైన్యం, పోలీసు క్లబ్బుల్లో ఆటగాడికి ఉద్యోగం కూడా దొరకవచ్చు. మోకాలు దెబ్బతిన్నప్పుడు ఆ ఉద్యోగం విలువ తెలుస్తుంది.

ప్రాంతంలో అత్యధిక ఆదాయం ఉన్నది దక్షిణాఫ్రికా లీగ్. 16 జట్లు. 2017-18 నుంచి 2024-25 వరకు వరసగా ఎనిమిది టైటిళ్ళు మమెలోడి సన్‌డౌన్స్‌వే. జింబాబ్వే, జాంబియా, నమీబియా, లెసోతోల్లో రాణించిన డిఫెండర్ తర్వాతి మెట్టుగా చూసేది ఈ లీగ్‌నే. కానీ విదేశీయుల సంఖ్యకు పరిమితి ఉంది. దాంతో క్లబ్బులు ఆ కొద్ది చోట్లను గోల్స్ చేసేవారి కోసం అట్టిపెట్టుకుంటాయి. విదేశీ డిఫెండర్‌ను తీసుకోవాలంటే అతను స్థానిక ఆటగాడికన్నా కాస్త మెరుగైతే చాలదు, ఎంతో మెరుగై ఉండాలి. జింబాబ్వే లెఫ్ట్ బ్యాక్ ఒనిస్మోర్ భసేరా, సెంటర్ బ్యాక్ టీనేజ్ హడెబె ఆ పరీక్షలో నెగ్గి కైజర్ చీఫ్స్‌లో ఆడారు.

దక్షిణాఫ్రికాలో ఒక విచిత్రమైన ఏర్పాటుంది. లీగ్‌లోని స్థానాన్నే యజమాని అమ్ముకోవచ్చు. కొన్నవాడు పేరూ ఊరూ మార్చేస్తాడు. 1921లో పుట్టిన బిడ్‌వెస్ట్ విట్స్ 2020లో ఇలాగే అంతరించింది. బ్లూమ్‌ఫాంటెయిన్ సెల్టిక్ 2021లో రాయల్ ఏఎమ్ అయింది. ఆ రాయల్ ఏఎమ్‌ను 2025లో లీగ్ నుంచి బహిష్కరించారు. అదే ఏడాది సూపర్‌స్పోర్ట్ యునైటెడ్ కూడా చేతులు మారింది. ఒప్పందంలో మూడేళ్ళు రాసుకున్న ఆటగాడు మధ్యలో వేరే నగరానికి సామాను సర్దుకోవలసి రావచ్చు, లేదా ఖాళీగా మిగలవచ్చు.

ఒప్పందాలు, హక్కులు

ఫిఫా నిబంధనల ప్రకారం వృత్తి ఒప్పందం గరిష్ఠంగా ఐదేళ్ళు, 18 ఏళ్ళలోపు వారికి మూడేళ్ళు. కొన్ని మినహాయింపులు తప్ప 18 నిండనివారు దేశం దాటి క్లబ్ మారకూడదు. కనీసం రెండు నెలల జీతం ఎగ్గొడితే, లిఖితపూర్వకంగా 15 రోజుల గడువిచ్చి ఒప్పందం నుంచి బయటపడే హక్కు 2018 నుంచి ఆటగాడికి ఉంది. జీతాలు తరచూ ఆలస్యమయ్యే లీగుల్లో ఈ ఒక్క నిబంధనే పెద్ద అండ. కాకపోతే నోటీసు రాయించుకోవడం, ఫిర్యాదు చేయడం తెలిసి ఉండాలి. దక్షిణాఫ్రికాలో ఆటగాళ్ళ సంఘం 1997 నుంచి పనిచేస్తోంది.

ఆటగాడు దేశం దాటి బదిలీ అయినప్పుడు రుసుములో 5 శాతం, అతనికి 12 నుంచి 23 ఏళ్ళ మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు చెందాలి. మొజాంబిక్‌లోని బెయిరాలోనో జాంబియాలోని కిట్వేలోనో ఉన్న చిన్న క్లబ్‌కు, తాను పెంచిన డిఫెండర్ పదేళ్ళ తర్వాత యూరప్‌లో చేతులు మారితే వచ్చే ఈ వాటా ఏడాది బడ్జెట్‌ను మించిపోగలదు.

విదేశీ ప్రయాణం

ఈ ప్రాంత డిఫెండర్లలో అత్యంత ప్రసిద్ధుడు లూకస్ రడెబె. 1969లో సొవెటోలోని డీప్‌క్లూఫ్‌లో పుట్టాడు. పట్టణంలో హింస పెచ్చరిల్లిన రోజుల్లో తల్లిదండ్రులు అతన్ని దూరంగా, నల్లవారికి కేటాయించిన ప్రత్యేక ప్రాంతం బోఫుతాత్స్వానాకు పంపించారు. ఆట పట్టుబడింది అక్కడే. 1989లో కైజర్ చీఫ్స్‌లో చేరాడు. 1991లో వీధిలో నడుస్తుండగా ఎవరో కాల్చారు. తూటా వీపులోంచి దూసుకుపోయినా కీలక అవయవాలు తప్పించుకున్నాయి. 1994లో ఫార్వర్డ్ ఫిలెమన్ మసింగాతో పాటు లీడ్స్ యునైటెడ్‌కు వెళ్ళాడు. అసలు బేరం మసింగా కోసమనీ, రడెబె తోడుగా వెళ్ళాడనీ చాలామంది రాశారు. అతనికి చెల్లించింది రెండున్నర లక్షల పౌండ్లు.

1996 ఏప్రిల్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో లీడ్స్ గోల్‌కీపర్ మార్క్ బీనీని రిఫరీ మొదటి అర్ధభాగంలోనే బయటకు పంపాడు. బెంచిపై మరో కీపర్ లేడు. చిన్నప్పటి అలవాటున్న రడెబె గ్లవ్స్ తొడుక్కుని గోల్‌లో నిలబడ్డాడు. ఆ సీజన్‌లో టైటిల్ గెలవబోతున్న మాంచెస్టర్ యునైటెడ్, పదిమందితో ఆడుతున్న ప్రత్యర్థిపై అతి కష్టం మీద 1-0తో బయటపడింది. 1998 నాటికి రడెబె క్లబ్ కెప్టెన్. అదే ఏడాదీ, 2002లోనూ ప్రపంచకప్‌లో దేశానికి నాయకత్వం వహించాడు. 2002లో స్పెయిన్‌పై తలతో గోల్ కూడా చేశాడు. ఆ మ్యాచ్ 3-2తో ఓడడంతో, పరాగ్వేతో పాయింట్లూ గోల్ తేడా సమానమైనా, ఒక్క గోల్ తక్కువ చేసిన కారణంగా దక్షిణాఫ్రికా ఇంటిదారి పట్టింది. 2000లో ఫిఫా ఫెయిర్ ప్లే పురస్కారం పొందిన రడెబె, 2005లో విరమించాడు. లీడ్స్ నగరానికి చెందిన ఒక రాక్ బృందం అతని పాత క్లబ్ పేరునే, స్పెల్లింగ్ కాస్త మార్చి, తనకు పెట్టుకుంది.

అతని దారిలో వెళ్ళినవారందరికీ ఫలితం ఒకేలా లేదు. మొకోయెనా అజాక్స్, గెంక్, బ్లాక్‌బర్న్, పోర్ట్స్‌మౌత్‌లలో ఆడాడు. రైట్ బ్యాక్ అనెలే ఎన్‌కోంకా 2011లో గెంక్‌తో బెల్జియం టైటిల్ గెలిచాడు. 2010 ప్రపంచకప్‌లో ఫ్రాన్స్‌పై గోల్ చేసిన బొంగాని ఖుమాలోను 2011 జనవరిలో టాటెన్‌హామ్ కొనుక్కుంది కానీ, అద్దె ఒప్పందాలపై క్లబ్ తర్వాత క్లబ్ తిప్పింది. టాటెన్‌హామ్ తరఫున ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడకుండానే అతను స్వదేశం చేరాడు. కూట్జీ 2017లో స్కాట్లండ్‌లోని సెల్టిక్‌లో చేరాల్సి ఉండగా వైద్య పరీక్షలో పాదం గాయం బయటపడి బేరం ఆగిపోయింది.

పోర్చుగీసు మాట్లాడే దేశాలవారికి లిస్బన్ ఇప్పటికీ మొదటి మజిలీ. బెయిరాలో పుట్టిన రెయినిల్డో మండావా పోర్చుగల్ మీదుగా ఫ్రాన్స్‌కు వెళ్ళి 2020-21లో లీల్‌తో టైటిల్ గెలిచాడు. 2022లో అట్లెటికో మాడ్రిడ్, 2025లో సండర్లాండ్ అతన్ని తీసుకున్నాయి. మొజాంబిక్ సెంటర్ బ్యాక్ మెషేర్ 2019 ఫ్రెంచ్ కప్ ఫైనల్లో పారిస్ సెయింట్ జెర్మేన్‌పై రెన్ తరఫున స్కోరు సమం చేశాడు. చివరకు పెనాల్టీల్లో కప్పు రెన్‌దే.

ఇంగ్లండ్ తలుపు చిన్నది. అక్కడ పని అనుమతి కోసం చాలాకాలం ఆటగాడు రెండేళ్ళలో తన దేశం ఆడిన పోటీ మ్యాచ్‌ల్లో 75 శాతం ఆడి ఉండాల్సి వచ్చేది, ఆ దేశం ఫిఫా ర్యాంకుల్లో పైన ఉండాల్సి వచ్చేది. మొదట 70, 2015 నుంచి 50 లోపు. మలావి, లెసోతో, బోట్స్వానా డిఫెండర్లకు అది దాదాపు మూసిన తలుపే. 2021 నుంచి పాయింట్ల పద్ధతి వచ్చింది. మరికొందరు యూరప్‌లో వేరే దారులు వెతుక్కున్నారు. జింబాబ్వే ఆటగాడు కోస్టా న్హమొయినెసు 2013 నుంచి 2020 దాకా స్పార్టా ప్రాగ్‌లో, దక్షిణాఫ్రికా సెంటర్ బ్యాక్ సియబొంగా ఎన్‌గెజానా 2023 నుంచి రుమేనియాలో ఆడారు.

జాతీయ జట్లు

దక్షిణాఫ్రికా పురుషుల జట్టు తరఫున అత్యధిక మ్యాచ్‌లు ఆడినవాడు ఒక డిఫెండరే. మొకోయెనా క్యాప్‌లు 107. 2006 ప్రపంచకప్‌లో అంగోలా మొదటి దశ దాటలేదు కానీ మూడు మ్యాచ్‌ల్లో రెండే గోల్స్ ఇచ్చింది. ఆ రికార్డుకు దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు.

ఈ ప్రాంతపు డిఫెండర్ల చరిత్రలో చిరస్థాయిగా నిలిచిన రాత్రి 2012 ఫిబ్రవరి 12. గాబన్ రాజధాని లిబ్రెవిల్‌లో జాంబియా, ఐవరీకోస్ట్ మధ్య ఆఫ్రికా నేషన్స్ కప్ ఫైనల్. 1993లో జాంబియా జట్టును మోసుకెళ్తున్న విమానం కూలింది గాబన్ తీరంలోనే. 18 మంది ఆటగాళ్ళతో సహా విమానంలో ఉన్న 30 మందీ మరణించారు. ఫైనల్ మొదలైన కాసేపటికే జాంబియా లెఫ్ట్ బ్యాక్ జోసెఫ్ ముసోండా గాయపడి, ఏడుస్తూ బయటకు వచ్చాడు. గోల్స్ లేకుండా ముగిసిన మ్యాచ్ పెనాల్టీలకు వెళ్ళింది. 7-7 వద్ద ఐవరీకోస్ట్ ఆటగాడు కోలో టూరే షాట్‌ను జాంబియా కీపర్ ఆపాడు. అవకాశం దొరికిన జాంబియా ఆటగాడు కలాబా బంతిని బార్ పైకి కొట్టాడు. ఐవరీకోస్ట్ ఆటగాడు గెర్విన్యో కూడా గురి తప్పాడు. తర్వాత వచ్చిన జాంబియా సెంటర్ బ్యాక్ స్టొప్పిలా సుంజు గోల్ చేశాడు. 8-7. కోచ్ హెర్వె రెనార్ నడవలేని ముసోండాను రెండు చేతులపై ఎత్తుకుని సంబరాల మధ్యకు తీసుకెళ్ళాడు.

పాలనలోని గొడవలు ఆటగాడి రికార్డును నేరుగా దెబ్బతీస్తాయి. 2022 ఫిబ్రవరి నుంచి 2023 జులై వరకు ఫిఫా జింబాబ్వేను సస్పెండ్ చేసింది. హడెబె తరం డిఫెండర్లకు మంచి వయసులో ఒక నేషన్స్ కప్ అర్హత పోటీ మొత్తం పోయింది. స్టేడియాలు ప్రమాణాలకు సరిపోక లెసోతో, ఎస్వాటిని, నమీబియా వంటి జట్లు తమ "సొంతగడ్డ" మ్యాచ్‌లను దక్షిణాఫ్రికాలో ఆడిన సందర్భాలు అనేకం.

గాయాలు, ప్రాణాపాయం

మోకాలు, చీలమండ గాయాలు, తలలు ఢీకొనడం అన్ని దేశాల డిఫెండర్లకూ ఉన్నవే. దక్షిణాఫ్రికాలో మైదానం వెలుపలి ప్రమాదం అంతకన్నా తీవ్రం. 2020 నవంబరులో ఎన్‌కోంకా, డిసెంబరులో సన్‌డౌన్స్ సెంటర్ బ్యాక్ మోట్జెకా మడిషా మూడు వారాల తేడాలో కారు ప్రమాదాల్లో చనిపోయారు. 2024 ఏప్రిల్‌లో కైజర్ చీఫ్స్ డిఫెండర్ ల్యూక్ ఫ్లర్స్‌ను జొహనెస్‌బర్గ్‌లో పెట్రోల్ బంకు దగ్గర కారు దొంగలు కాల్చి చంపారు. టోక్యో ఒలింపిక్స్ జట్టులో ఉన్న అతనికి అప్పటికి 24 ఏళ్ళు.

మహిళా డిఫెండర్లు

దక్షిణాఫ్రికాలో మహిళల జాతీయ లీగ్ 2019లో మాత్రమే మొదలైంది. అంతకుముందు తరం మరో ఉద్యోగం చేసుకుంటూనే ఆడింది. సెంటర్ బ్యాక్ జనీన్ వాన్ వైక్ 180కి పైగా అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడింది. దక్షిణాఫ్రికా పురుషుల్లోనూ మహిళల్లోనూ అంత సంఖ్య మరెవరికీ లేదు. 2019లో దేశం ఆడిన తొలి మహిళా ప్రపంచకప్‌కు ఆమే కెప్టెన్. ఆమె ముద్దుపేరు "బూత్", మాథ్యూ బూత్ నుంచి వచ్చిందే. నోకో మట్లో 2008లో ఫార్వర్డ్‌గా ఆఫ్రికా ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకుని, తర్వాత డిఫెన్స్‌లోకి మారి, 2021లో స్పెయిన్‌లోని ఐబార్‌కు వెళ్ళింది. జాంబియాకు మహిళా ప్రపంచకప్‌లో మొట్టమొదటి గోల్ అందించింది కూడా డిఫెండరే. 2023లో కోస్టారికాపై మూడో నిమిషంలో లుషోమో మ్వీంబా.

ఆట తర్వాత

గాయాలు దెబ్బతీయకపోతే సెంటర్ బ్యాక్ ముప్పై అయిదు దాకా ఆడగలడు. ఫుల్ బ్యాక్‌కు వేగం తగ్గగానే చోటు పోతుంది. ఆ తర్వాత ఎక్కువమంది చూసేది శిక్షణ వైపే. వెనక నుంచి మైదానమంతా కనిపించే స్థానంలో ఏళ్ళ తరబడి ఉండటం అందుకు అక్కరకొస్తుంది. దక్షిణాఫ్రికా మాజీ కెప్టెన్ స్టీవ్ కొంఫెలా టర్కీలో ఆడి వచ్చి, కైజర్ చీఫ్స్‌తో సహా పలు క్లబ్బులకు కోచ్ అయ్యాడు. టోవీ 2015 నుంచి కొన్నేళ్ళు దక్షిణాఫ్రికా సమాఖ్య సాంకేతిక డైరెక్టర్‌గా పనిచేశాడు. 2021లో జాతీయ జట్టు పగ్గాలు చేపట్టి, 2023 నేషన్స్ కప్‌లో మూడో స్థానం తెచ్చిపెట్టిన బెల్జియం కోచ్ హ్యూగో బ్రూస్ కూడా ఒకప్పటి డిఫెండరే. వాన్ వైక్ ఇంకా ఆడుతుండగానే తన పేరిట జేవీడబ్ల్యూ అనే క్లబ్ స్థాపించింది. అది ఇప్పుడు మహిళల జాతీయ లీగ్‌లో ఆడుతోంది.